ఫోటోల కింద మునిగిపోయిన పడవ నంబరు

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న లంక గ్రామం. 1996 నవంబరు తుపాను తర్వాత ఊళ్లో కొంతమందిమి కలిసి ఒక సేవా సంఘం పెట్టుకున్నాం. వరదలొస్తే పడవలు, భోజనాలు చూస్తాం. మామూలు రోజుల్లో పిల్లలకు సాయంత్రం ట్యూషన్, నెలకోసారి కళ్ల క్యాంపు, ఒక చిన్న లైబ్రరీ నడుపుతాం. 2014లో మా ఊరి అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ టైములో వెబ్‌సైట్ చేసిచ్చాడు. తర్వాత ఎవరికి తోచింది వాళ్లు ఎక్కిస్తూ పోయాం. ఇప్పుడు 140 పేజీలు, 60 పీడీఎఫ్‌లు, మూడు వేల ఫోటోలు అయ్యాయి. అయినా ఎవరికీ ఏదీ దొరకదు. 2022 జులై వరదలప్పుడు జనం సైట్ తెరిచి, విసుగొచ్చి, నాకే ఫోన్లు చేశారు. కమిటీలో ఒకరు కొత్త డిజైన్ చేయిద్దామంటారు. ఒకరు సైట్ తీసేసి ఫేస్‌బుక్ పేజీ పెట్టుకుంటే చాలంటారు. అధ్యక్షులవారు తన సందేశం మాత్రం మొదటి పేజీలోనే ఉండాలంటారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులో పెట్టాలా?
— కార్యదర్శి, ఒక సేవా సంఘం

సమాధానం:

కార్యదర్శి గారూ,

ఉత్తరంలో మీరిచ్చిన లింకును కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లోనే తెరిచాను. మీ ఊరివాళ్లు చూసేది అందులోనే కదా. ముందుగా ఏడు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ వచ్చాయి. సన్మానం, శాలువా, జెండా వందనం, మళ్లీ శాలువా. వాటి కింద అధ్యక్షులవారి సందేశం. దాని కింద ‘మా వెబ్‌సైట్‌కు స్వాగతం’ అంటూ పక్కకు పాకుతున్న అక్షరాలు. నేను ముంపులో చిక్కుకున్న మనిషినని అనుకుని, పడవ కోసం ఎవరికి ఫోన్ చేయాలో వెతకడం మొదలుపెట్టాను. మెనూలో పదకొండు మాటలున్నాయి. ‘సేవలు’ నొక్కితే లేదు. ‘విభాగాలు’లో ‘విపత్తు నిర్వహణ విభాగం’ కనపడగానే ప్రాణం లేచొచ్చింది గానీ, అక్కడ కన్వీనర్ గారి ఫోటో, విభాగం ఆశయాలు తప్ప ఏమీ లేవు. చివరికి ‘డౌన్‌లోడ్స్’లో 2019 నాటి కరపత్రం స్కాన్ ఒకటి దొరికింది. అందులో మూడు నంబర్లున్నాయి. రెండో నంబరుకు తొమ్మిది అంకెలే ఉన్నాయి.

జనం మీకు ఫోన్ చేయక ఏం చేస్తారండి?

కొత్త డిజైన్ మాట ఇప్పుడు ఎత్తకండి. సామాను సర్దకుండా గోడలకు సున్నం వేయించినట్టుంటుంది. డబ్బు ఖర్చవుతుంది, ఈ తొమ్మిది అంకెల నంబరు మరింత అందంగా కనపడుతుంది. ఫేస్‌బుక్ చాలన్న వారి మాటలో కొంత నిజముంది. ఈ రోజు జరిగింది ఈ రోజు చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ నిన్న పెట్టింది ఇవాళ కిందికి పోతుంది, నెల తర్వాత పెట్టినవాళ్లకే దొరకదు. పడవ నంబరు, బ్యాంకు ఖాతా, ఆడిట్ రిపోర్టు లాంటివి ఎప్పుడు చూసినా ఒకచోటే ఉండాలి. దానికి సైటే కావాలి.

మీ మెనూ చదువుతుంటే మీ మినిట్స్ పుస్తకం చదివినట్టే ఉంది. ఎన్ని సబ్‌కమిటీలుంటే అన్ని విభాగాలు, ఎందరు కన్వీనర్లుంటే అన్ని పేజీలు. ‘విభాగాలు’, ‘కార్యక్రమాలు’, ‘సేవలు’ అని మూడు వేరువేరు మాటలు మీకెలా వచ్చాయో నాకు అర్థమైంది. మూడు వేరువేరు సంవత్సరాల్లో మూడు వేరువేరు కమిటీలు పెట్టి ఉంటాయి. కళ్ల క్యాంపు మూడింటిలోనూ ఉంది. ఒకచోట ‘ప్రతి నెలా రెండో ఆదివారం’, ఒకచోట ‘మొదటి ఆదివారం’, మూడోచోట 2017 నాటి ఒక తేదీ. కంటికి పొర కమ్మిన ముసలాయన్ని మనవడు బండి మీద ఎక్కించుకుని ఏ ఆదివారం రావాలి? సైట్‌కి వచ్చే మనిషికి మీ కమిటీల గొడవ తెలియదు, అక్కర్లేదు. ఆయన ఒక అవసరంతో వస్తాడు. మీరు సర్దాల్సింది ఆ అవసరాల వరసలో.

అవసరాలేమిటో కమిటీ మీటింగులో కూర్చుని ఊహించకండి. మీ ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రెండు వారాల పాటు వచ్చిన ప్రతి కాల్ రాయండి: ఎవరు, ఎక్కడినుంచి, ఏమడిగారు. ‘ఏమడిగారు’ అన్నది వాళ్ల మాటల్లోనే రాయాలి. ‘మా పిల్లోడికి ట్యూషన్లో సీటుందాండి’ అని అడిగితే అలాగే రాయండి, ‘విద్యా విభాగంలో ప్రవేశం’ అని మార్చకండి. వాట్సాప్‌లో వచ్చినవీ ఇందులోకే. మీకు ఏడాదంతా వచ్చే కాల్స్ ఎలా ఉంటాయో నేను కొంత చెప్పగలను. విరాళం పంపిన ఆయన ‘రసీదు రాలేదండి’ అంటాడు, మీరు ‘ఆయ్, పంపుతామండి’ అంటారు. అమెరికాలో ఉన్న కొడుకు వాళ్లమ్మ సంవత్సరీకానికి అన్నదానం చేయాలంటాడు. ఏదో కంపెనీ సేవా నిధుల వాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాలు, మూడేళ్ల లెక్కలు కావాలంటారు. విలేకరి పాత ఫోటో అడుగుతాడు. మీ సైట్ వీళ్లలో ఎందరిని మీ ఫోన్ దాకా రాకుండా పంపగలదో అదే దాని విలువ.

తర్వాత ఉన్న సామాను లెక్క పెట్టాలి. ఎక్సెల్‌లో 140 పేజీలకు 140 వరుసలు, 60 పీడీఎఫ్‌లకు మరో 60. పేజీ పేరు, దాని లింకు, చివరిసారి ఎప్పుడు మార్చారు, అందులో ఉన్నది ఇప్పటికీ నిజమో కాదో చెప్పగల మనిషి ఎవరు అని నాలుగు గడులు. ఐదో గడిలో ఒక్క మాట: ఉంచు, కలుపు, అటకెక్కించు, తీసెయ్. ఇద్దరు కూర్చుంటే మూడు నాలుగు సాయంత్రాల పని. నా అనుభవంలో ‘నిజమో కాదో చెప్పగల మనిషి’ అన్న గడే అన్నిటికంటే ఎక్కువగా ఖాళీగా మిగులుతుంది. ఏ పేజీకి ఆ గడి నిండదో ఆ పేజీని ముందు దించేయండి. ఎవరూ పూచీ పడని సమాచారం ఉండటం కంటే లేకపోవడమే మంచిది.

తీసేయడమంటే మీవాళ్లకు మనసొప్పదని తెలుసు. అందుకే అటక. ‘పాత సంగతులు’ అని ఒక పేజీ పెట్టి, ఏడాదికో లింకు చొప్పున 1996 నుంచి వరసగా పేర్చండి. 2009 వార్షికోత్సవం అక్కడ హాయిగా ఉంటుంది. వెతికేవాళ్లకు దొరుకుతుంది, వెతకనివాళ్లకు అడ్డు రాదు.

ఇప్పుడు మెనూ. కొన్నేళ్ల క్రితం పాలకొల్లు వైపు ఒక గ్రంథాలయ సంఘానికి ఇదే పని చేయాల్సి వచ్చింది. పాత పెళ్లి శుభలేఖలు వెనక్కి తిప్పి, కత్తిరించి నలభై ముక్కలు చేశాం. ఒక్కో ముక్క మీద సైట్‌లో ఉండాల్సిన ఒక్కో సంగతి రాశాం: సభ్యత్వం ఎలా, పుస్తకం పోతే ఏం కట్టాలి, ఆదివారం కథల గంట, భవన నిధి లెక్క. కమిటీవాళ్లను దూరంగా ఉండమని, బయటివాళ్లను ఒక్కొక్కరినే అరుగు మీద కూర్చోబెట్టి ‘మీకు ఒకలాంటివి అనిపించినవి ఒక కుప్పగా పెట్టండి, కుప్పకో పేరు చెప్పండి’ అన్నాం. ఒక కాలేజీ పిల్ల, ఒక రిటైర్డ్ టీచరు, కిరాణా కొట్టాయన. అందరూ ఇంచుమించు ఒకేలా పెట్టారు. అక్కడ ఊడ్చే ఆవిడ మాత్రం కథల గంట, ఉచిత వైద్య శిబిరం, పుస్తకాల సంత, సంగీతం క్లాసు నాలుగూ ఒక కుప్పలో పెట్టింది. ఇదేం కుప్పమ్మా అంటే, ‘ఇవన్నీ ఆదివారాలు జరిగేవి కదండీ, ఆ రోజు తాళం నేనే తీయాలి’ అంది.

ఆ కుప్ప చూసేదాకా మాలో ఎవరికీ ‘ఈ వారం ఏముంది’ అన్న పేజీ తట్టలేదు. పెట్టాక ఎక్కువమంది తెరిచింది దాన్నే.

మీరూ అదే చేయండి. ఐదారుగురు చాలు. కొబ్బరి దింపు తీసే అతన్ని, ట్యూషన్ పిల్లల తల్లిని, ఊరి నుంచి వెళ్లి విశాఖలో ఉంటున్నవాళ్లను అడగండి. విశాఖ ఆయనకు వీడియో కాల్ సరిపోతుంది. వాళ్లు కుప్పలకు చెప్పిన పేర్లే మెనూలో పెట్టండి. ‘విపత్తు నిర్వహణ’ అని ఒక్కరూ అనరు, ‘వరద’ అంటారు, ‘ముంపు’ అంటారు. నా అంచనాలో మీకు ఐదు మాటలు తేలతాయి: వరద సాయం, ఈ నెల సేవలు, విరాళం, లెక్కలు, మా గురించి. ముక్కలు ఇంకోలా చెబితే ముక్కల మాటే వినండి, నా మాట కాదు.

ఈ ఐదింట్లో రెండింటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

వరద పేజీ. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మీ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసే ఉంటుంది. 2022 జులైలో మూడోది కూడా దాటి ఎంత పైకి పోయిందో మీరు చూసినవాళ్లు. ఆ మూడు హెచ్చరికల్లో ఒక్కోదానికి మీ లంకలో ఏం జరుగుతుందో రాయండి. ఏ హెచ్చరికకు కాజ్‌వే మునుగుతుంది, ఎప్పుడు పశువులను ఏటిగట్టు మీదికి తోలాలి, ఎప్పుడు ఇల్లు వదలాలి. ఇది ప్రభుత్వం సైట్‌లో దొరకదు, మీ ఊరి పెద్దలకు మాత్రమే తెలుసు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఉన్నారు కదా, కూర్చోబెట్టి అడగండి. ఈ ఒక్క పేజీ సరిగ్గా రాస్తే మిగతా సైట్ ఎలా ఉన్నా మిమ్మల్ని క్షమించేయొచ్చు.

కానీ ‘ఇప్పుడు మట్టం ఎంత’ అన్నది మీరు రాయకండి. పొద్దున్న మీరు ఎక్కించిన అంకె సాయంత్రానికి పాతబడుతుంది, దాన్ని నమ్మి ఎవరో ఇంట్లోనే కూర్చుంటారు. అధికారులు ఇచ్చే చోటికి లింకు ఇచ్చి ఊరుకోండి. మీ పేజీలో ఉండాల్సింది పడవ ఏ రేవులో ఉంది, పడవ మనిషి నంబరు, పునరావాస కేంద్రం ఏ స్కూల్లో, 112 (అత్యవసర సాయం), 1070 (విపత్తు కంట్రోల్ రూమ్), 108 (అంబులెన్స్). పైన ఒక లైను: ఈ వివరాలు చివరిసారి సరిచూసిన తేదీ, సరిచూసినవారి పేరు. నంబర్లు అక్షరాల్లో ఉండాలి, బొమ్మలో కాదు. అక్షరాల్లో ఉంటేనే వేలితో నొక్కగానే కాల్ వెళ్లేలా పెట్టొచ్చు. పేజీలో ఒక్క ఫోటో కూడా వద్దు. వరద రోజున కరెంటు ఉండదు, టవర్ ఉన్నా ఒకటే గీత, ఫోన్‌లో చార్జింగ్ పన్నెండు శాతం. ఆ గీత మీదే మీ పేజీ దిగాలి.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. మీ సైట్‌లో ‘వరద 2019’, ‘వరద 2020’, ‘వరద 2022’ అని మూడు పేజీలున్నాయి. నేను గూగుల్‌లో మీ ఊరి పేరు, వరద అని కొడితే 2019ది పైకొచ్చింది. వరద సాయానికి ఎప్పటికీ ఒకటే పేజీ, ఒకటే లింకు ఉండాలి. ఏటా దాన్నే దిద్దండి. ఆ ఏడు ఏం చేశారన్న నివేదికలు అటకెక్కాలి. పాత మూడు లింకులు ఎవరి వాట్సాప్‌లో ఉన్నాయో మనకు తెలియదు కాబట్టి, వాటిని నొక్కినవాళ్లు నేరుగా ఈ ఒక్క పేజీకే వచ్చేలా చూడమని సైట్ చేసిచ్చిన అబ్బాయికి చెప్పండి. వాళ్లకది పెద్ద పనేం కాదు.

రెండోది విరాళం పేజీ. మీ సైట్‌లో బ్యాంకు ఖాతా వివరాలు నాలుగు పేజీల్లో కనపడ్డాయి. రెండిట్లో ఆంధ్రా బ్యాంకు పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇంకా అలాగే ఉంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, తర్వాత కోడ్లు కూడా మారిపోయాయి. పాత కోడ్ కొట్టినాయనకు డబ్బు వెళ్లదు. వెళ్లకపోతే మీకు ఫోన్ చేసేవాళ్లు కొందరే, మిగతావాళ్లు ఇంకో సంఘానికి ఇచ్చేస్తారు. ఇది ఒక్క బ్యాంకు కోడ్ సంగతే కాదు. మారే అవకాశం ఉన్నది ఏదైనా సైట్ మొత్తం మీద ఒక్కచోటే రాయాలి, మిగతా పేజీలన్నీ అక్కడికి వేలు చూపించాలి. క్యాంపు తేదీ అయినా అంతే, ట్యూషన్ టైము అయినా అంతే. నాలుగుచోట్ల రాసింది మూడుచోట్ల దిద్దుతాం, మనుషులం కదా.

ఆ పేజీలో 80జీ అనుమతి (విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేది) ఉంటే దాని నంబరు, గడువు రాయండి. రెండు వేల రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని, మినహాయింపు కావాలంటే పాన్ నంబరు పంపాలని అక్కడే చెప్పేయండి. రసీదు ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా రాయండి, మీరు నిజంగా పంపగలిగిన గడువే రాయండి.

ఇక విదేశాల్లో ఉన్న మనవాళ్లు. డెల్టాలో ఏ ఊరికైనా అమెరికాలో ఒక వీధి ఉంటుంది, మీకూ ఉంటుంది. ఇక్కడ చాలా సంఘాలు తెలియక ఇరుక్కుంటాయి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మనిషి ఉంటున్న దేశాన్ని కాదు, పౌరసత్వాన్ని చూస్తుంది. మీ ఊరబ్బాయి డల్లాస్‌లో ఉన్నా ఇండియా పాస్‌పోర్టు ఉంటే, బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కింద రాదు. అదే అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చేది) మీద వస్తూపోతూ ఉంటే, అతనిచ్చే వెయ్యి రూపాయలు కూడా విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మీకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే విరాళం పేజీలో పైనే మర్యాదగా రెండు లైన్లు రాయండి: విదేశీ పౌరసత్వం ఉన్నవారి నుంచి ప్రస్తుతం తీసుకోలేకపోతున్నాం, ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు కాపీ జతచేయగలరు అని. ఈ రెండు లైన్లు మీ ఆడిటర్‌కు చూపించాకే ఎక్కించండి. నేను సైట్ల మనిషిని, ఆయన చట్టం మనిషి.

లెక్కల పేజీ తేలిక. రిజిస్ట్రేషన్ పత్రం, దర్పణ్ నంబరు (నీతి ఆయోగ్ పోర్టల్‌లో సేవా సంఘాలకు ఇచ్చేది), ఏడాదివారీగా ఆడిట్ రిపోర్టులు, కొత్తది పైన. ‘స్కాన్0047’ లాంటి ఫైలు పేర్లు మార్చి ఏ ఏడాదిదో పేరులోనే తెలిసేలా పెట్టండి. ఒక్కో రిపోర్టు పక్కన తెలుగులో రెండు వాక్యాలు: ఎంత వచ్చింది, దేనికెంత ఖర్చయింది. ఆడిట్ రిపోర్టు చదవడం ఊళ్లో నలుగురికి వస్తుందేమో, ఆ రెండు వాక్యాలు అందరూ చదువుతారు.

భాష సంగతి అడిగారు. తెలుగులోనే పెట్టండి. విరాళం, లెక్కలు, మా గురించి ఈ మూడూ మాత్రం ఇంగ్లీషులో కూడా ఉండనివ్వండి. కంపెనీల వాళ్లు, బయట పుట్టిన మన పిల్లలు అవే చూస్తారు. ట్యూషన్ టైమింగులు ఇంగ్లీషులోకి మార్చడానికి కూర్చోకండి. ఊరి పేరు మాత్రం రెండు లిపుల్లోనూ ప్రతి పేజీలో ఉండాలి, గూగుల్‌లో సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు.

అయితే మీ తెలుగుకు ఒక జబ్బుంది. ‘మా చరిత్ర’ పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు చుక్కలు, కొమ్ములు, డాలర్ గుర్తులు వచ్చాయి. చూడగానే తెలిసిపోయింది. కరపత్రం కోసం డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటరును అలాగే కాపీ చేసి అతికించారు. ఆ ఫాంట్ షాపు కంప్యూటర్‌లో ఉంది, చదివేవాళ్ల ఫోన్‌లో లేదు. దాన్ని ఏ ఫోన్‌లోనైనా కనపడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి చదివి దిద్దుకోవాలి. ఇంకొన్నిచోట్ల మీవాళ్లు ఈ బాధ పడలేక తెలుగు మ్యాటరును ఫోటో తీసి పెట్టేశారు. మన కంటికి బాగానే ఉంటుంది, గూగుల్‌కు అది వట్టి బొమ్మ. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించాలన్నా వినిపించలేదు. కళ్ల క్యాంపు నడిపే సంఘానికి ఇది తగదు.

మూడు వేల ఫోటోల దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఫోల్డర్‌లో చాలావాటి పేర్లు ‘ఐఎంజీ-20220716-డబ్ల్యూఏ0031’ తీరులో ఉన్నాయి. మధ్యలో ఉన్న అంకె తేదీయే, 2022 జులై 16. కానీ అది వాట్సాప్‌లో మీకు చేరిన తేదీ, తీసిన తేదీ కానక్కర్లేదు. వరద ఫోటోల్లో కొన్ని పాతవి కూడా ఆ రోజు గ్రూపుల్లో తిరిగాయి. కాబట్టి ఎవరు తీశారో అడక్కుండా శీర్షిక రాయకండి. మూడు వేలలో అరవై ఏరండి. ప్రతిదానికీ ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది అని ఒక వాక్యం. వాక్యం రాయలేని ఫోటో పెట్టొద్దు. ఫోన్‌లో తీసింది మూడు నాలుగు ఎంబీలుంటుంది, దాన్ని రెండు వందల కేబీకి కుదించినా తేడా తెలియదు. మిగతావి ఒక హార్డ్ డిస్కులో వేసి లైబ్రరీ బీరువాలో పెట్టండి.

ఒక ఫోటో గురించి విడిగా చెప్పాలి. గట్టు మీద ఒకావిడ తడిచీరతో నిలబడి బియ్యం సంచి అందుకుంటోంది. సంచిని నలుగురు పట్టుకున్నారు, వెనక బ్యానర్ ఉంది, నలుగురూ కెమెరా వైపు చూస్తున్నారు. ఆవిడొక్కతే నేల వైపు చూస్తోంది. ఆ ఫోటో తీసేయండి. ఆవిడ అడగలేదు గానీ తీసేయండి. సాయం అందిందని చూపించాలంటే గట్టు మీద పేర్చిన సంచులు, పడవలోకి ఎక్కిస్తున్న పాల ప్యాకెట్లు, మీ కుర్రాళ్ల మోకాళ్ల దాకా బురద, ఇవి చాలు. ట్యూషన్ పిల్లల ముఖాలు పెట్టేముందు తల్లిదండ్రులను అడిగి సంతకం తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం కూడా పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల వివరాలకు అమ్మానాన్నల అంగీకారం కావాలి. పేరు, స్కూలు, ఫోటో మూడూ ఒకచోట ఎప్పుడూ పెట్టకండి.

అధ్యక్షులవారి సందేశం. ఇది మీ అసలు టెన్షన్ అని ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది. ప్రతి సంఘానికీ ఈ సందేశం ఒకటుంటుంది, ప్రతి సందేశమూ ‘మానవసేవే మాధవసేవ’తోనే మొదలవుతుంది. తీసేస్తామని చెప్పకండి, ‘మా గురించి’లో పైన, మంచి ఫోటోతో పెడతామని చెప్పండి. మొదటి పేజీలో ఆయన పేరు ఎలాగూ ఉంటుంది: వరద పేజీలో సరిచూసినవారి పేరుండాలని చెప్పాను కదా, ఆ పని ఆయనకు అప్పగించి, ఆ లైను మొదటి పేజీలోనూ చూపించండి. ఏటా జూన్‌లో ఆయనే ప్రతి నంబరుకూ స్వయంగా ఫోన్ చేసి, పలికితేనే ఉంచాలి. ‘సరిచూసినవారు: అధ్యక్షులు’ అని మొదటి పేజీలో కనపడితే ఆ సందేశం కంటే గౌరవంగా ఉంటుంది. ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే, సందేశాన్ని నాలుగు లైన్లకు కుదించి మొదటి పేజీ అడుగున పెట్టండి. పడవ నంబరుకు తీసుకెళ్లే లింకు మాత్రం దానికంటే పైన ఉండాలి, అక్కడ రాజీ పడొద్దు.

సర్దడం అయ్యాక ఎవరు చూసుకుంటారన్నది కమిటీలో తేల్చుకోండి. పేజీకో మనిషి పేరు ఆ ఎక్సెల్‌లోనే రాసుకుంటే సరిపోతుంది. మన కాలువలకు ఒక పద్ధతుంది కదా, వేసవిలో కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగేసి, లాకులు చూసుకుని, జూన్‌లో నీళ్లు వదులుతారు. మీ సైట్‌కూ ఆ రోజులే పెట్టుకోండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక అందరూ కాస్త తీరిగ్గా ఉంటారు, వరదలకు ఇంకా టైముంటుంది. రెండు రోజులు కూర్చుని ప్రతి పేజీ ఒకసారి తెరిచి చూడండి, అంతే.

ఇవన్నీ ఒకెత్తు, ఇంకొకటుంది. మీ సైట్ పేరు, అదే డొమైన్, 2014లో ఆ అబ్బాయి తన సొంత ఈమెయిల్‌తో, తన కార్డుతో కొని ఉంటాడు. ఇప్పుడతనికి పెళ్లయి, ఉద్యోగం మారి, ఆ ఈమెయిల్ తెరుస్తున్నాడో లేదో. నాకు తెలిసిన ఒక సంఘం ఇలాగే రెన్యువల్ మెయిల్ చూసుకోక గడువు దాటించింది. కొన్నాళ్లకు ఆ పేరు ఎవరో కొనేసుకున్నారు. ఆ సంఘం కరపత్రాల మీద ఇప్పటికీ ఉన్న అడ్రసు కొడితే పేకాట సైట్ వస్తోంది. కాబట్టి ఈ రోజే అతనికి ఫోన్ చేయండి. డొమైన్ ఎవరి పేర ఉంది, గడువు ఏ తేదీ, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఈ మూడూ కనుక్కుని సంఘం ఈమెయిల్‌కు మార్పించండి. అది అయ్యేదాకా శుభలేఖలు కత్తిరించే పని కూడా మొదలుపెట్టకండి.